శుద్ధి – వమనము

శుద్ధిని కోరని జాతి లోకమున లేదు. కొందఱు నీటితో, కొందఱు నిప్పుతో, కొందఱు ఉపవాసముతో, కొందఱు కన్నీటితో తమలోని మాలిన్యమును పోగొట్టుకొన చూచుచున్నారు. ఈ కోరిక గొప్పది. తానున్న స్థితికంటె మేలైన స్థితి యొకటి కలదని నమ్మినవాడే శుద్ధిని కోరును. కాని కోరిక యెంత గొప్పదో, దానిని తీర్తుమని చెప్పువారి మాటలను పరీక్షించుట అంత అవసరము. దేహమునుండి ఏదో యొకటి వెడలినంతమాత్రమున మనస్సు తేఱినదని చెప్పవచ్చునా? బాధపడినవాడెల్ల బాగుపడినవాడేనా? ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. అయినను, దక్షిణ అమెరికా అడవులలో పుట్టి నేడు ఖండాంతరముల నగరములకు వ్యాపించిన ఒక ఆచారము వీనిని మఱల మనముందు నిలుపుచున్నది. అది కప్ప మేని స్రావముతో చేయు శుద్ధి. దానినిగూర్చి యించుక విచారింతము.

అమెజాను నదీప్రాంతమున, బ్రెజిలు పెరూ దేశముల యెల్లలు కలియు అడవులలో, చెట్లకొమ్మలపై నివసించు పెద్ద ఆకుపచ్చని కప్ప యొకటి కలదు. ప్రకృతిశాస్త్రజ్ఞులు దానిని ఫిల్లోమెడూసా బైకలర్ అందురు. గెంతుటకు బదులు కొమ్మలను చేతులతో పట్టుకొని మెల్లగా నడచును గనుక కోతికప్ప అనియు దానికి పేరు కలిగినది. నీటిపైకి వంగిన ఆకుల మడతలో అది గ్రుడ్లు పెట్టును; పొదిగిన పిల్లలు జారి నీట పడును. కటుకీనా మున్నగు జాతులవారు ఈ కప్పను, దాని చర్మరసమును 'కంబో' అందురు. పెరూలోని మాట్సెస్ జాతివారి వాడుకను వర్ణించినవారు దీనిని 'సాపో' అని వ్రాసిరి. 1925లో కాన్‌స్టాంటిన్ తాస్తెవిన్ అను ఫ్రెంచి మతప్రచారకుడు జురువా నది యెగువ ప్రాంతమున ఈ యాచారమును చూచి తన వ్రాతలో వర్ణించినాడు.

ఆచారము ఇట్లుండును. కప్పను పట్టి, నాలుగు కాళ్లను నారతో నాలుగు పుల్లలకు బిగించి, దానిని బెదరించి, చర్మముపై ఊరిన తెల్లని రసమును పుల్లతో గీచి తీసి యెండబెట్టుదురు. పిదప కప్పను విడిచిపెట్టుదురు. పుచ్చుకొనువాడు ముందుగా కడుపునిండ నీరో, కఱ్ఱపెండలపు పానీయమో త్రాగును. మండుచున్న తీగకొనతో అతని చేతిమీదనో ఱొమ్ముమీదనో చిన్నచిన్న చుక్కలుగా పైతోలును కాల్చి, తడిపిన రసమును ఆ కాలినచోట్ల అద్దుదురు. క్షణములలో ఒడలు వేడెక్కును, గుండె పరువెత్తును, ముఖము పొంగును, వాంతి యారంభమగును. అరగంటకో గంటకో ఆ తాకిడి తగ్గి, మనుష్యుడు అలసి పడుకొని, లేచిన తరువాత ఒడలు తేలికైనదని చెప్పును.

ఇంతవఱకు విన్న మన చదువరులలో కొందఱు "అనాగరికుల మూఢత్వము" అని పెదవి విఱువవచ్చును. ఆ తొందర కూడదు. అడవిజాతులవారు ఈ కప్పనుండి కోరునదేమి? ప్రధానముగా రెండు. మొదటిది, వేటగాని దురదృష్టము. ఆ ప్రాంతమున దానికి 'పనేమా' అని పేరు. బాణము గుఱితప్పుట, మృగము కనబడకపోవుట, అడుగు తడబడుట, ఇవన్నియు ఆ పనేమా లక్షణములు. రెండవది సోమరితనము. వేటమీద బ్రతుకు జాతిలో ఒకని సోమరితనము ఒకనితో పోదు. అతని యింటివారందఱు పస్తుండవలసి వచ్చును. కావున సోమరితనము అక్కడ అందఱికి సంబంధించిన రోగమే. కటుకీనాలలో మఱియొక నియమము కలదు. కంబో వేయువాని గుణము పుచ్చుకొనువానికి సంక్రమించునని వారి నమ్మకము. అందుచేత నేర్పరియైన వేటగానిచేత, చురుకైనవానిచేత వేయించుకొందురు గాని సోమరిచేత వేయించుకొనరు.

ఈ నమ్మకమును శాస్త్రముగా మేము అంగీకరింపలేము. కాని అందులోని నీతిని చూడుడు. మందు ఇచ్చువాడు ముందు తాను యోగ్యుడై యుండవలెను. అతడు ఆ యూరివాడే. రేపు ఉదయము వేటకు పోవునప్పుడు ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఒకే త్రోవను నడచువారే. ఫలితము మాటలలో కాదు, ఇంటికి వచ్చు మాంసములో తెలియును. కోరినది చిన్నది, ఇచ్చినవాడు బాధ్యుడు, పరీక్ష దగ్గఱనే యున్నది. ఈ మూడును మనము జ్ఞాపకముంచుకొనవలెను. ఆచారము అడవిని దాటినప్పుడు ఈ మూడును ఏమైనవో తరువాత చూతము.

ముందుగా శాస్త్రము చెప్పుమాట వినుట న్యాయము. విటోరియో ఎర్‌స్పామెర్ అను ఇటలీదేశపు ఔషధశాస్త్రవేత్త కప్పల చర్మరసములను ఏండ్లతరబడి శోధించినాడు. 1993లో అతడును సహచరులును మాట్సెస్‌లు వాడు ఈ రసమునుగూర్చి ప్రత్యేకముగా ప్రకటించిరి. అందులో పెప్టైడులను చిన్న మాంసకృత్తులు పెక్కు రకములు కలవు. ఒకటి కడుపును, పేగులను, పిత్తాశయమును బలముగా ముడుచుకొనునట్లు చేయును. కొన్ని రక్తనాళములను విప్పి రక్తపుపోటును పడద్రోయును. ఈ జాతి కప్పలలోనే దొరకిన డెర్మార్ఫిన్ అనునది, 1981లో ప్రకటితమైనది, నొప్పిని మాన్పుటలో నల్లమందు సారమైన మార్ఫిను కంటె ఎన్నో రెట్లు బలమైనది. సూక్ష్మక్రిములను చంపు పదార్థములును కొన్ని ప్రయోగశాలలో కనబడినవి. కావున ఈ రసము వట్టి నీరు కాదు, నమ్మకముచేత మాత్రమే పనిచేయునదియు కాదు. అది బలమైన ద్రవ్యము. దాని బలమును మొదట కనిపెట్టిన గౌరవము ఏ ప్రయోగశాలకును చెందదు. ఆ యడవిజాతులకే చెందును.

అయినను ఈ శాస్త్రమే మఱియొక సంగతిని తెలుపుచున్నది. కప్ప ఈ రసమును ఎవరికొఱకు తయారుచేసికొన్నది? తన్ను మ్రింగవచ్చిన పామువంటి శత్రువుల కొఱకు. నోట కఱచుకొన్న శత్రువు వికలమై తన్ను విడువవలెను. కప్ప మేని యీ విషమునకు ప్రయోజనమంతయు ఇదియే. ఆ రసము మనుష్యుని రక్తములో చేరినప్పుడు కడుపు తిరుగుటకు కారణము అతనిలోని పాపము కాదు, కప్పలోని ఆత్మరక్షణము. మహాత్ముని చేతిమీద అద్దినను వాంతియగును. దొంగ చేతిమీద అద్దినను వాంతియగును. నిన్న పుట్టిన ద్వేషమును, ఇరువది యేండ్ల ద్వేషమును వేఱుచేయక ఇద్దఱిచేతను ఒకే పైత్యరసమును కక్కించును. మంచివానికిని చెడ్డవానికిని సమానముగా కలుగు కార్యము ఎవని మంచిచెడ్డలను తెలుపగలదు? పళ్లెములో పడిన పచ్చని నీటిని చూపి, "ఇదిగో నీ దుఃఖము, ఇదిగో నీ కోపము" అని చెప్పువాడు ఉపమానమును వస్తువుగా అమ్ముచున్నాడు.

మనకును ఈ భ్రాంతి క్రొత్తది కాదు. బాధ శుద్ధిచేయునను నమ్మకము మన యిండ్లలోను కాపురమున్నది. కామెర్లు వచ్చినప్పుడు వాతలు పెట్టించుట ఎఱుగనివారు మనలో ఎవరు? వాత మానినప్పటికి కామెర్లును తమంతట తగ్గుచున్నవి గనుక కీర్తి వాతకు వచ్చుచున్నది; తగ్గనప్పుడు అపకీర్తి రోగి విధికి పోవుచున్నది. ఉపాధ్యాయవృత్తిలోనున్న మేము మఱియొక సంగతియు ఎఱుగుదుము. సోమరితనమును బెత్తముతో వెడలగొట్టవచ్చునని చాలకాలము బడులు నమ్మినవి. దెబ్బ తగిలిన బాలుడు ఆ గంటసేపు పలకమీద తల వంచి యుండుట నిజమే. కాని బెత్తము చేతిని కదల్చునేగాని చదువుమీద ప్రీతిని పుట్టింపదు. ప్రీతి పుట్టినచోట బెత్తము లేకయే సోమరితనము పోవును. నొప్పి ఒకదానిని ఆపగలదు, మఱియొకదానిని మొలిపింపలేదు. శుద్ధియనగా మురికి పోవుట మాత్రమే కాదు, మంచి యలవాటు నాటుకొనుట గదా!

ఇప్పుడు ఆచారము అడవిని దాటిన కథకు వత్తము. బ్రెజిలు పశ్చిమమున ఆక్రె రాష్ట్రమున రబ్బరు తీయు కూలీలు కటుకీనాల పొరుగున బ్రతికి కంబోను నేర్చుకొనిరి. వారివలన అది చిన్నపట్టణములకును, పిమ్మట సావోపౌలో వంటి మహానగరములకును, అక్కడనుండి ఐరోపాకును, ఉత్తర అమెరికాకును, ఆస్ట్రేలియాకును ప్రాకినది. ప్రయాణములో ఒక విచిత్రము జరిగినది. దూరము పెరిగినకొలది వాగ్దానము పెరిగినది. అడవిలో అది వేటగాని సోమరితనమునకును, దురదృష్టమునకును, కొన్ని చిన్న రుగ్మతలకును మందు. నగరములో అది మనోవ్యాకులతకు మందు, వ్యసనములకు మందు, పుట్టకురుపునకు మందు, దేహములోని సకల విషములకు, ఆత్మలోని సకల మాలిన్యములకు మందు! వీనిలో ఏదియు మనుష్యులపై క్రమముగా జరిగిన పరీక్షలచే స్థాపితమైనది కాదు. బ్రెజిలు ప్రభుత్వపు ఆరోగ్యపర్యవేక్షణ సంస్థ 2004లో కంబోకు వైద్యగుణములు కలవని ప్రకటనలు చేయుటను నిషేధించినది.

వాగ్దానము పెరిగినకొలది బాధ్యత తఱిగినది. నగరమున వేయువాడు కొన్నిదినముల శిక్షణముతో వచ్చిన అపరిచితుడు కావచ్చును. పుచ్చుకొనువాడు రుసుము చెల్లించి, చాపమీద కూర్చుండి, సాయంకాలమునకు వెడలిపోవును. రేపు అతనికి ఏమైనదో ఇచ్చినవాడు చూడడు. ఇచ్చినవాడు ఎట్టివాడో పుచ్చుకొన్నవాడు ఎఱుగడు. మేము పైన జ్ఞాపకముంచుకొనుమన్న మూడును, అనగా చిన్నకోరిక, బాధ్యుడైన దాత, దగ్గఱి పరీక్ష, ఒక్కటియు మిగులలేదు. మిగిలినవి తీగకొన, కప్పరసము, వాంతిపళ్లెము.

ఇది వట్టి వాదవిషయమైనచో మేమింత వ్రాయకపోదుము. ప్రాణములు పోయినవి. అధికముగా నీరు త్రాగుటచేత రక్తములోని ఉప్పు పలుచనై మూర్ఛలు వచ్చినవారి వృత్తాంతములను వైద్యపత్రికలు ప్రకటించినవి. ఆస్ట్రేలియా దేశమున న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమున 2019లో ఒక స్త్రీ కంబో పుచ్చుకొని కుప్పకూలి మరణించినది. 2021లో అదే రాష్ట్రమున ఒక పురుషుడు కంబోను, అయవాస్కా అను మఱియొక అడవిపానీయమును పుచ్చుకొని అన్ననాళము చిల్లిపడి మరణించినాడు. వైద్యసహాయమును పిలుచుటలో జరిగిన ఆలస్యము అతని మరణవిచారణలో ముఖ్యాంశమైనది. ఆ 2021లోనే ఆస్ట్రేలియా కంబోను, అమ్మకమును వాడుకను నిషేధింపదగినంతటి అపాయకరమైన ద్రవ్యముల పట్టికలో చేర్చినది.

ఆలస్యమెందుకు కలుగును? మా దృష్టిలో ఈ వ్యాసమునకు ప్రాణమైన ప్రశ్న ఇదియే. చుట్టునున్నవారు క్రూరులైనందున కాదు. ముఖము ఉబ్బినచో "చెడు పైకి వచ్చుచున్నది" అని నేర్చుకొన్నవారు. వాంతి ఆగనిచో "చాలకాలపు మాలిన్యము" అని నేర్చుకొన్నవారు. స్పృహ తప్పినచో "ఆత్మ లోనికి ప్రయాణము చేయుచున్నది" అని చెప్పగలవారు. అపాయచిహ్నమును అనుగ్రహచిహ్నముగా చదువు నేర్పిన నమ్మకము, ఇల్లు కాలుచుండగా దీపోత్సవమని చేతులు జోడింపజేయును. తప్పుటకు వీలులేని వైద్యమును మేము వైద్యమనము. బాగుపడినచో కప్ప మహిమ. బాగుపడనిచో ఇంకను రెండుమాఱులు వేయించుకొనవలెను. చచ్చినచో వానికి కాలము తీఱినది! ఏది జరిగినను తానే గెలుచు మాట సత్యమును వెదకుమాట కాదు.

ఈ సందర్భమున మన ప్రాచీన వైద్యమునకు రావలసిన గౌరవము దానికి ఇయ్యవలెను. వమనము మనవారు ఎఱుగనిది కాదు; పంచకర్మములలో అదియే మొదటిది. చరకసంహిత కల్పస్థానమున వమనయోగములు 355, విరేచనయోగములు 245, మొత్తము 600 చెప్పబడినవి. కాని ఈ సంఖ్యలకంటె మమ్ము ఆకర్షించునది సూత్రస్థానములోని పదునైదవ యధ్యాయము. దాని పేరు ఉపకల్పనీయము. వమనమో విరేచనమో చేయింపదలచిన వైద్యుడు ముందుగా గాలివెలుతురులుగల యిల్లు, నమ్మదగిన పరిచారకులు, పాత్రలు, పథ్యములు, మఱియు ఏదైన వికటించినచో కావలసిన మందులు అన్నియు సమకూర్చుకొనవలెనని ఆ యధ్యాయము బోధించుచున్నది. వమనము చాలకపోవుటకు అయోగమనియు, మితిమీఱుటకు అతియోగమనియు పేర్లుపెట్టి, వేర్వేరు లక్షణములను చెప్పినది. వమనమైన పిదప పలుచని గంజితో ఆరంభించి క్రమముగా అన్నమునకు తీసికొని వచ్చు విధిని నియమించినది.

ఆ గ్రంథము చెప్పినదెల్ల వేదవాక్యమని మా మతము కాదు. అందలి యోగములను నేటి పరీక్షకు నిలిపి, నిలిచినవానిని గైకొని, నిలువనివానిని విడువవలసినదే. కాని 'అతియోగము' అను ఆ యొక్కమాటలో వైద్యుని వినయమంతయు ఉన్నది. నా మందు హానిచేయగలదని ఒప్పుకొన్నవాడే హానిని కనిపెట్టును, కనిపెట్టినవాడే నివారించును. 'మితిమీఱినది' అను మాట తన నిఘంటువులో లేనివాని చేతికి బలమైన ద్రవ్యమును ఇయ్యరాదు. ఆ ద్రవ్యము కప్పరసమైనను సరే, మన పెరటి వేరైనను సరే, పెద్ద వైద్యశాలలోని సూదిమందైనను సరే.

రెండు ఆక్షేపణలు మాకు తోచుచున్నవి. "తన దేహముమీద తనకు స్వాతంత్ర్యము లేదా? తెలిసి పుచ్చుకొన్నవానిని అడ్డుటకు మీరెవరు?" అని కొందఱు అడుగుదురు. స్వాతంత్ర్యమును మేము కాదనము. కాని అంగీకారమునకు ముందు జ్ఞానము కావలెను. గుండెజబ్బుగలవానికి ఇది అపాయమని, నీరు మితిమీఱి త్రాగరాదని, మూర్ఛ వచ్చినచో అది ఆత్మయాత్ర కాదని తెలిసినవాడు ఒప్పుకొన్నచో అది ఒక విషయము. ఆ మాటలను దాచి, ఆశనుమాత్రము చూపి తెప్పించిన సమ్మతి సమ్మతి కాదు. అది వేటగాని వలలో గింజ.

రెండవ ఆక్షేపణము ఇంతకంటె బలమైనది. "పుచ్చుకొన్నవారిలో పెక్కుమంది తమకు మేలైనదని ప్రమాణముగా చెప్పుచున్నారు గదా, వారు అబద్ధమాడుచున్నారా?" కాదు. వారి తేలిక నిజమే. గంటసేపు యమయాతనపడి బయటపడినవానికి మామూలు ఊపిరియు అమృతప్రాయముగా తోచును. ఆ రసములోని నొప్పినణచు పదార్థములును కొంత తోడ్పడవచ్చును. చుట్టు నలుగురు కూర్చుండి, తల పట్టుకొని, దుఃఖము విన్నారనుటయు చిన్న యౌషధము కాదు. మహానగరములో ఒంటరియైనవానికి వాంతిపళ్లెము పట్టుకొను చేయి దొరకుటయే బహుశః ఏండ్లకు మొదటిసారి కావచ్చును. ఆ యాకలిని మేము వెక్కిరింపము. కాని ఆ చేయి కావలసియుండగా దానికొఱకు కప్పవిషము పుచ్చుకొనవలసిన గతి మనుష్యునికి పట్టుట సంఘమునకు సిగ్గుచేటు. తేలిక నిజమైనంతమాత్రమున దానికి చెప్పిన కారణము నిజము కానక్కఱలేదు.

అడవిజాతుల పక్షమున ఒక మాట చెప్పక ముగించుట అన్యాయము. 2003లో కటుకీనాలు బ్రెజిలు పర్యావరణ మంత్రియైన మరీనా సిల్వాకు లేఖ వ్రాసి, తమ కంబోను పరులు తమ యనుమతిలేకయే వాడుచున్నారని మొఱపెట్టుకొనిరి. జ్ఞానమిచ్చినవారు పేదలుగనే యుండగా, దానిని అంగడిలో పెట్టినవారు ధనము గడించుట మొదటి దోషము. ఆ యంగడిలో జరిగిన చావులకు ఆ జాతుల ఆచారమే నిందమోయుట రెండవ దోషము. సంస్కర్త అనువాడు పాతదానిని చూడగానే ఎగతాళిచేయరాదు. క్రొత్తగా పట్టణమునకు వచ్చినదని తలపై పెట్టుకొనను రాదు. అడవిలోని వేటగాని నమ్మకములో పొరపాటు ఉండవచ్చును. కాని అతడు తన పొరపాటును అమ్ముకొనలేదు.

ఇక శుద్ధి యెక్కడనున్నది? కటుకీనా వేటగానినే అడుగుదము. కంబో వేసికొన్న మఱునాడు అతడు తెల్లవాఱకముందే లేచి అడవికి పోవును. అతని సోమరితనము పోయినదనుటకు సాక్ష్యము నిన్నటి వాంతి కాదు, నేటి నడక. అదియే మనకును కొలబద్ద. అబద్ధమాడువాని శుద్ధి మఱునాడు నష్టమునకు సిద్ధపడి చెప్పిన నిజములో ఉన్నది. ద్వేషించువాని శుద్ధి పగవాని గడపముందు ఆగి పలుకరించిన మాటలో ఉన్నది. త్రాగుబోతు శుద్ధి కూలిడబ్బు ఇంటికి చేరిన సాయంకాలములో ఉన్నది. వీనికి కాల్చిన తీగ అక్కఱలేదు, రుసుము అక్కఱలేదు, పళ్లెము అక్కఱలేదు. కాని ఇవి ఒక గంటలో ముగియవు, ఒకరు మనకు చేసిపెట్టునవియు కావు. అందుచేతనే లోకము వమనమును కోరును, శుద్ధిని వాయిదావేయును.